పటకారు కొసన ముక్క

నలభై అయిదు నిమిషాలు పడుతుందని చెప్పి యంత్రం నడిపే ఆయన తలుపు మూసుకున్నాడు, తలుపు పైన ఎర్ర దీపం వెలిగింది, ఆవిడ చేతిలో రుమాలు మిగిలింది. రుమాల్లో చెల్లెలి చెవి దుద్దులు రెండు, వాటి వెనక బిగించే మరలు రెండు, తలలోంచి తీసిన పిన్నులు మూడు. లోపలికి లోహమన్నది వెళ్ళకూడదట, ఆ గదిలో ఉన్నదంతా పెద్ద అయస్కాంతమేనట. ఆ మాట విని చెల్లెలు చక్రాల కుర్చీలోంచి తల పైకెత్తి, అయితే మనకి తెలిసిన సరుకే అక్కా, రాగితీగ చుట్టిన కాయిళ్ళు కాక ఇంకేముంటాయి లోపల, అని నవ్వింది. ఆ పిల్ల వచ్చి నాలుగు నెలలయింది, ఈ నాలుగు నెలల్లో కాయిలు అన్న మాట దాని నోట రావడం ఇదే మొదలు. ఆవిడ నవ్వలేకపోయింది. రుమాలు ముడేసి పిడికిట్లో పెట్టుకుని, గోడకి బిగించిన కుర్చీలో కూర్చుంది, లేచింది, నీళ్ళ డబ్బా దాకా వెళ్ళి నీళ్ళు పట్టుకోకుండానే తిరిగొచ్చి మళ్ళీ కూర్చుంది. పిల్ల అని ఇంకా అనుకోవడమేమిటి, యాభై నాలుగేళ్ళు దానికి. తనకి డెబ్బై ఒకటి. గోడ అవతల యంత్రం మొదలయింది. ముందు టకటకలు, తరవాత రేకు మీద సుత్తితో మోదినట్టు దబదబలు, ఆపైన ఎడతెగని రొద. బేరింగు పోయిన మోటారు ఇలాగే అరుస్తుంది. తన చేతిలో ఉంటే ముందు స్విచ్చి కట్టేసేది.

నిన్న సాయంత్రం చెప్పింది చెల్లెలు. ఆవిడ దాని కాళ్ళకి నూనె రాస్తోంది. కిటికీలోంచి ఎదురింటి గోడ మీద ఎండ పైపైకి పాకుతోంది, ఆ ఎండనే చూస్తూ, ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పింది. "స్కానింగు నువ్వడిగావు కాబట్టి తీయించుకుంటానక్కా. మందుకి మాత్రం సంతకం పెట్టను. ఆ ఉతికే మనిషి ఉసురు తగిలింది నాకు. అనుభవించనీ." ఆవిడ చేయి ఆగిపోయింది. ఆగిందన్న సంగతి చెల్లెలికి తెలియలేదు, మోకాలి కింద దానికి స్పర్శ లేదు. అలా ఎంతసేపు పట్టుకుందో ఆ కాలిని, నూనె అరచేతిలోనే ఇంకిపోయింది. మొదట చూపు పోయిందట పన్నెండేళ్ళ కిందట, కుడికన్ను, మూడు వారాలు లోకమంతా ముసురు పట్టినట్టుండి మళ్ళీ వచ్చేసిందట. అప్పుడే అనుకుందట, ఇది నాకు రావాల్సిందేనని. తరవాత నడుం చుట్టూ ఎవరో బెల్టు బిగించినట్టు, తరవాత కాలు, ఇప్పుడు వేళ్ళు. పన్నెండేళ్ళపాటు ఒక్కో అవయవాన్నీ వాయిదా కట్టినట్టు ఇచ్చేస్తూ వచ్చింది, ఎవరికి బాకీ పడిందని. డాక్టరమ్మ ముందే చెప్పింది, ఈ స్కానింగులో కొత్త మచ్చలుంటే ఇంక పాత మందు లాభం లేదు, గట్టిది మొదలుపెట్టాలి, దానికి దాని భయాలున్నాయి కాబట్టి రోగి స్వయంగా ఒప్పుకుని సంతకం పెట్టాలి, పెట్టకపోతే ఏడాదిలో చేతులు, ఆ తరవాత మింగడం. కాగితం తీసుకుని ఈ స్కానింగు అయ్యాక వస్తుంది. చెల్లెలు వద్దంటుంది. వద్దనకుండా ఆపగల మాట లోకంలో ఒక్కటే ఉంది, అది ఇరవై ఆరేళ్ళుగా ఈవిడ గొంతులో ఉంది.

ఒంట్లోని కణాలు మొత్తం చూడవట, ముక్క చూస్తాయట. అదే ఆవిడకి నిద్ర లేకుండా చేసిన మాట. డాక్టరమ్మ ఓపికమంతురాలు, కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పింది. నరమంటే తీగ అనుకోండమ్మా, తీగ మీద పూత ఉంటుంది, మయెలిన్ అంటాం, ఆ పూత ఊడిపోతే లోపలి కబురు దారిలోనే కారిపోతుంది, కాలు కదలమని తల చెప్పిన మాట కాలిదాకా రాదు. పూత సంగతి నాకు చెప్పకండి తల్లీ అనబోయి ఆగింది ఆవిడ, ముప్ఫై ఏళ్ళు మోటార్ల రాగితీగకి కరెంటు కారకుండా పట్టీలు చుట్టిన చేతులివి. మరి ఆ పూతని తింటున్నదెవరు అని అడిగింది. ఒంట్లోని కాపలా కణాలే, టి కణాలంటాం, అంది డాక్టరమ్మ. వాటికి కళ్ళుండవు, ఎదుటివాణ్ణి నిలువెత్తున చూసి పోల్చుకోవు. వేరే కణం ఒకటి ఆ పూతలోని ప్రోటీనుని ముక్కలుగా కోసి, ఒక్క ముక్క తన ఒంటి మీద గాడిలో ఇరికించి చూపిస్తుంది, పట్టుకుని చూపించినట్టే అనుకోండి. పది పన్నెండు పూసల దండంత ముక్క. టి కణం దాన్ని తడుముతుంది. సరిపోయిందనుకుంటే పరాయిదని కేక పెడుతుంది, మిగిలినవన్నీ వచ్చి పడతాయి. సొంతదాన్ని పట్టుకుని పరాయిదని ఎలా అనుకుంటుందమ్మా, బుద్ధి ఉండక్కర్లేదా, అని ఆవిడ కోపంగానే అడిగింది. ఎప్పుడో ఏదో జ్వరం వచ్చి ఉంటుంది, ఆ క్రిమిలోని ఒక ముక్కా ఈ పూతలోని ఒక ముక్కా ఒకేలా ఉండి ఉంటాయి, అలాగని మేమనుకుంటున్నాం, ఒకసారి గుర్తుపట్టిన కణం ఇంక మరిచిపోదు, అంది డాక్టరమ్మ. మొత్తం చూస్తే తేడా తెలిసేది. మొత్తం చూడదు కదా. ఆ చూపించే చెయ్యి ఎవరిది, అని ఆవిడ అడిగితే డాక్టరమ్మ కలం ఆపి ఆవిడ మొహంలోకి చూసింది. అదీ సొంతదేనమ్మా, అంది.

ముక్కలు చూసి మొత్తం తెలుసుకున్నాననుకోవడం తనకి పుట్టినప్పటినుంచీ ఉన్న జబ్బే. బడికి పోలేదు. అక్షరాలు నేర్చుకున్నది రిపేరు షాపులోనే, తీగ చుట్టలకి చుట్టి వచ్చే పాత పత్రికల కాగితాల మీద. కాగితం విప్పి, నలిగిన చోట అరచేత్తో సాపు చేసి, మధ్యాహ్నం అన్నాల వేళ చదువుకునేది. కథ మొదలుంటే కొస ఉండేది కాదు, కొస వేరే చుట్టకి ఉండేది, ఆ చుట్ట వేరే ఊరికి పోయేది. ఎవరో ఎవరినో వదిలి రైలెక్కుతుంటే కాగితం అయిపోయేది. ఆ రైలు దిగిందో లేదో ఈనాటికీ తెలియదు. మిగతాది తనే ఊహించుకునేది, ఊహించుకున్నది నిజమనే నమ్మేది. తరవాత గ్రంథాలయాలూ, భూతద్దం పెట్టి చదివిన లావుపాటి వైద్యం పుస్తకాలూ ఎన్ని వచ్చినా ఆ నమ్మకం పోలేదు. షాపులో దానికే పేరు కూడా వచ్చింది. కాలిపోయిన కాయిలు ఏదైనా తెచ్చి బల్ల మీద పడేస్తే, వేలెడు ముక్క చూసి ఇది ఏ చేతి చుట్టో చెప్పేసేది. పట్టీ ఎంత బిగువున లాగారు, సగం మీద సగం ఎలా కప్పారు, వార్నిషు ముంచాక ఎన్నిసార్లు దులిపారు. మనిషికో నడక ఉన్నట్టే చేతికో చుట్టు ఉంటుంది. షాపు మేస్త్రి అనేవాడు, దీని కన్ను తప్పదురా, దొంగ మొగుణ్ణి కూడా బొటనవేలు చూసి పట్టేస్తుంది, అని. అందరూ నవ్వేవారు. ఆవిడకి గర్వంగా ఉండేది. మొగుణ్ణి పట్టలేకపోయింది, అది వేరే సంగతి.

చెల్లెలికి పని నేర్పింది తనే. అమ్మ పోయాక తన దగ్గరే పెరిగింది అది, పదహారేళ్ళకి షాపులోకి తెచ్చి బల్లకి అవతలివైపు ఎదురుగా కూర్చోబెట్టుకుంది. అక్క చేతులు చూస్తూ నేర్చుకుంది. అద్దంలో చూసి నేర్చుకున్నట్టు అన్నీ తిరగేసి నేర్చుకుంది, పట్టీ చుట్టడం కూడా. మేస్త్రి కర్రతో వేళ్ళ మీద చిన్నగా కొట్టి కొట్టి పట్టీ సరిచేశాడు. ఆర్నెల్లకి ఇద్దరి చుట్లూ పక్కపక్కన పెడితే ఏది ఎవరిదో దేవుడు కూడా చెప్పలేడన్నట్టయింది. కాయిలు కొసన దారం వేసి కట్టే ఆఖరి ముడి మాత్రం ఎవరూ సరిచేయలేదు, ముడి ఎటుంటేనేం. అక్క ముడి అవతలికి తోసి బిగించేది, దారం తోక బయటికి ఉండేది. చెల్లెలు ముడిని రొమ్ము వైపుకి లాక్కునేది, తోక లోపలికి ఉండేది. అది ఇద్దరికే తెలుసు. ఏమే, ముడిని కూడా ఎవరైనా ఎత్తుకుపోతారనా అలా లాక్కుంటావు, అని ఆవిడ వెక్కిరిస్తే, నువ్వేమో అన్నీ తోసేస్తావు కదక్కా, ఎవరో ఒకరు లాక్కోవాలి కదా, అనేది.

దబదబలు ఆగాయి. ఆగితే భయం. గోడ మీది గడియారంలో పదిహేను నిమిషాలే అయ్యాయి. మళ్ళీ మొదలయింది, ఈసారి ఇంకో వరస. ఎదురుగా కూర్చున్నతను ఎవరికోసమో ఎదురుచూస్తూ నిద్రపోయాడు, నోరు తెరుచుకుంది. ఇంత రొదలో ఎలా పడుతుందో నిద్ర. రుమాలు ముడి విప్పి లెక్కపెట్టింది, దుద్దులు రెండు, మరలు రెండు, పిన్నులు మూడు. మళ్ళీ కట్టింది. చూసుకుంది. తోక బయటికే ఉంది.

ఇరవై ఆరేళ్ళ కిందట, ఆ రోజు కూడా షాపులో ఇలాగే ఏదో రొద. పక్కన సాన తిరుగుతోంది. మేస్త్రి బయటినుంచి వచ్చాడు, మొహంలో నెత్తురు చుక్క లేదు. మనం బాగుచేసి పంపిన మోటారు లాండ్రీలో కాలిందట, బట్టలు పిండే యంత్రానిది, కరెంటు యంత్రం ఒంటికి పాకిందట, తడి చేతులతో పట్టుకున్న ఆడమనిషి అక్కడికక్కడే పోయిందట. అంతా వింటూ నిలబడిపోయారు. సాన ఆపడం ఎవరికీ తోచలేదు. మేస్త్రి జేబులోంచి పొట్లం తీసి, అందులోంచి రెండంగుళాల కాయిలు ముక్క పటకారుతో పట్టుకుని ఆవిడ కళ్ళ ముందు పెట్టాడు. ఏమ్మా, ఎవరి చెయ్యిది, అన్నాడు. ఆ బల్ల మీద చుట్టేది ఇద్దరే, ఏ మోటారు ఎవరు చుట్టారో రాసుకునే అలవాటు లేదు, అందిన పని అందినవాళ్ళు చేసేవారు. ఆవిడ చూసింది. పట్టీ రెండు చుట్ల మధ్య గోరు వెడల్పు సందు ఉంది. కప్పాల్సిన చోట కప్పలేదు, లోపల రాగి కనిపిస్తోంది. సందు వదలడం తన చేతికి లేదు. నేర్చుకునే రోజుల్లో చెల్లెలు రెండుసార్లు వదిలింది. అంతే. ఊపిరి తీసుకున్నంత సేపు కూడా పట్టలేదు.

"చిన్నదాని చెయ్యే."

మొత్తం కాయిలేదీ, ముడి చూపించండి, అని అడగలేదు. అడగాలని కూడా తోచలేదు. తప్పు కనిపించింది, తప్పు తనది కాదు కాబట్టి అవతలివాళ్ళది. అది చెయ్యిని గుర్తుపట్టడం కాదు, తప్పుని చూసి దానికో మనిషిని అతికించడం, ఈ తేడా తెలియడానికి డాక్టరమ్మ బొమ్మ గీయాల్సి వచ్చింది. చెల్లెలు బల్ల అవతల నిలబడి ఆ ముక్కని చూసింది, తరవాత అక్కని చూసింది. కాదనలేదు. "అక్క చెప్పిందంటే నాదే అయ్యుంటుంది," అంది మేస్త్రితో. ఆ ఒక్క మాటా అనకుండా ఉంటే బాగుండేది. పోట్లాడి ఉంటే, నీ మొహం, నువ్వే చుట్టావు అని తిట్టి ఉంటే, ముడి చూద్దాం పద అని ఉంటే. దానికీ ఆ నమ్మకమే, అక్క కన్ను తప్పదని. మూడో రోజున ఒక రేకు పెట్టె పట్టుకుని బస్సెక్కింది. తెలిసినవాళ్ళ ద్వారా ఎక్కడో హాస్టల్లో సామాను గది చూసే పని. బస్సు కిటికీలోంచి చేయి ఊపుతుందని ఈవిడ నిలబడింది. ఊపలేదు. తల దించుకుని ఒళ్ళో తన చేతుల్నే చూసుకుంటోంది, అవి ఎవరివో అన్నట్టు. ఆ తరవాత మళ్ళీ తీగ ముట్టుకోలేదట ఎప్పుడూ. హాస్టల్లో ఫ్యాను పాడైనా వేరేవాళ్ళని పిలిపించేదట.

తొమ్మిదో రోజున లాండ్రీ నుంచి కాలిన మోటారు పూర్తిగా షాపుకి వచ్చింది, రాగి లాగి పాత సామానులో వేయడానికి. ఆ పని ఆవిడకే వచ్చింది. ఉలి పెట్టి కాయిలు కొస కొడుతుంటే చేతికి తగిలింది, మాడి బొగ్గయినా వార్నిషు పట్టి గట్టిగా నిలిచిన ముడి. తోక బయటికి. అక్కడే, ఉలి చేతిలో ఉండగానే, ఆ రోజు జ్ఞాపకం వచ్చింది. లాండ్రీ మోటారు అర్జంటని మేస్త్రి తొందర పెట్టిన రోజు. అదే రోజు పొద్దున్న మొగుడు సంచీలో బట్టలు సర్దుకుని, వేరే ఊళ్ళో పని చూసుకుంటానని చెప్పి వెళ్ళాడు. సందు మలుపు దాకా చూస్తూ నిలబడింది. మలుపు దగ్గర వెనక్కి తిరుగుతాడనుకుంది, తిరగలేదు, తిరిగి రాలేదు కూడా. షాపుకొచ్చి పట్టీ చుడుతూనే ఉంది, చేతులు చుడుతున్నాయి, ఆవిడ మాత్రం ఆ మలుపు దగ్గరే ఉంది. ఎక్కడో ఒక చుట్టు దగ్గర గోరు వెడల్పు మేర ఆ చేతుల్లో ఆవిడ లేదు. అంత సందులోంచి ఒక ప్రాణం పోయింది. మేస్త్రి వీపు అటు తిప్పి ఉన్నాడు. ఆవిడ ముడిని ఉలితో నరికి, కాయిళ్ళు కాల్చే కొలిమిలో పడేసింది. మండలేదు వెంటనే. కాసేపు ఎర్రగా అలాగే ముడిలాగే ఉంది.

రేపు చెబుదామనుకుంది. రేపు అన్నది ఎంత గట్టి తలుపో. మూడుసార్లు ఉత్తరం మొదలుపెట్టింది, చెల్లీ నీకొక సంగతి, అని రాసి ఆపేది. మొగుడు పోయాడు, ఈ పనీ పేరూ పోతే తను ఏమవుతుందని ఒకసారి. సద్దుమణిగింది కదా, దాని బతుకు అది బతుకుతోంది కదా అని ఒకసారి. మూడోసారి ఏ సాకూ దొరకలేదు, అయినా చించేసింది. మేస్త్రి పోయాడు. షాపు పోయింది, ఇప్పుడక్కడ చెప్పులమ్ముతున్నారు. ఇంక అడిగేవాళ్ళెవరూ లేరనుకుంటుండగా పోస్టుకార్డు వచ్చింది, చీమ సిరాలో పడి పాకినట్టున్న అక్షరాలు. అక్కా, కాళ్ళు రావడం లేదు, పెద్దాసుపత్రి మీ ఊళ్ళోనే ఉందట, వస్తున్నాను. ఒక్క నిష్ఠూరం లేదు. అక్షరం పోల్చుకోలేకపోయింది ఆవిడ, చెల్లెలి చేతిరాతని, కింద సంతకం చూసేదాకా.

రొమ్ము ఎముక వెనక చిన్న గ్రంథి ఉంటుందట. పుట్టిన కాపలా కణాలకి అదే బడి. ఒంట్లోని సొంత ముక్కలన్నీ వాటికి అక్కడ చూపిస్తారట, సొంతదాన్ని చూసి ఎగబడిన కణాన్ని బయటికి రానివ్వకుండా అక్కడే చంపేస్తారట. కొన్ని తప్పించుకుంటాయి, ఎందుకో ఇంకా పూర్తిగా తెలియదట. ఆవిడ రుమాలు పట్టుకున్న పిడికిలిని రొమ్ము మీద నొక్కుకుంది. వయసు పెరిగేకొద్దీ ఆ గ్రంథి ఎండిపోయి కొవ్వయిపోతుందని కూడా పుస్తకంలో ఉంది. చెబితే చెల్లెలు వెళ్ళిపోతుంది. ఇన్నేళ్ళకి ఇంట్లో రెండో కంచం పెడుతోంది, పొద్దున్న లేవగానే ఇంకొకరి దగ్గు వినిపిస్తోంది. చెప్పకపోతే ఉంటుంది, ఏడాది ఉంటుంది, తన చేత్తో అన్నం పెట్టించుకుంటూ, నా పాపం అక్కా నీకీ చాకిరీ అంటూ, కళ్ళ ముందే ఒక్కో వేలూ ఆరిపోతూ ఉంటుంది. తనకి దాన్ని ఉంచుకోవాలనుంది. అదే ఘోరం. నిన్న నూనె చేత్తో కాలు పట్టుకుని కూర్చున్నప్పుడు ఒక్క క్షణం, ఒక్క క్షణమే, పెట్టకపోతే పెట్టకపోనీ సంతకం, అనిపించింది.

రొద ఆగింది. ఎర్ర దీపం ఆరింది.

ఆసుపత్రి వాళ్ళ పల్చటి అంగీలో చెల్లెల్ని కుర్చీలో తోసుకొచ్చి, డాక్టరమ్మ ఇప్పుడే వస్తుందని చెప్పి, యంత్రం నడిపే ఆయన లోపలికి వెళ్ళిపోయాడు. అంగీ పక్కన కట్టుకునే దారాలు ఊడి వేలాడుతున్నాయి. బాగా చుట్టారక్కా కాయిళ్ళు, ఒక్కటీ సడలలేదు, అంది చెల్లెలు. ఆవిడ పక్కన కూర్చోలేదు. మూలనున్న విడి కుర్చీ లాక్కుని, షాపు బల్ల దగ్గర కూర్చునేటప్పటిలాగా ఎదురుగా కూర్చుంది.

"ఆ కాయిలు నాది."

"ఏ కాయిలు?"

"లాండ్రీది. నేనే చుట్టాను. ముడి చూశాను, తోక బయటికుంది."

చెల్లెలి మొహంలో ఏమీ కదల్లేదు. కబురు బయలుదేరింది, దారిలో ఎక్కడో ఉంది, ఇంకా చేరలేదు. ఆవిడ ఏం చేయాలో తోచక, చేతులు ఊరికే ఉండలేక, వేలాడుతున్న అంగీ దారాలు పట్టుకుని ముడేయబోయింది. చెల్లెలు ఆ చేతుల్ని తీసి పక్కన పెట్టింది. తనే పట్టుకుంది దారాల్ని. స్పర్శ లేని వేళ్ళు, దారం జారింది, మళ్ళీ పట్టుకుంది, జారింది, కళ్ళతో చూసుకుంటూ ఒక్కో వేలికీ పని చెప్పి, ఎంతసేపయిందో, ఒక కొసని ఇంకో కొస కిందనుంచి దూర్చి, రొమ్ము వైపుకి లాక్కుని బిగించింది. తోక లోపలికి పోయింది. దానికేసి ఇద్దరూ చూశారు.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"తొమ్మిదో రోజున."

నిద్రపోతున్నతను లేచి, ఎవరి పేరో పిలిచినట్టనిపించి చుట్టూ చూసి, మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు.

"పదిహేనో రోజు దాకా నేను పెట్టె విప్పలేదు, రమ్మని నీ కబురొస్తుందేమోనని," అంది చెల్లెలు.

డాక్టరమ్మ వచ్చింది, చేతిలో నల్లటి ఫిల్ములూ కాగితమూ. కొత్తవి మూడు మచ్చలున్నాయంది. మీరు వద్దంటున్నారట, కానీ నేను మళ్ళీ ఒకసారి చెబుతాను, అని మొదలుపెట్టింది. చెల్లెలు చేయి చాచింది. ఇటివ్వండమ్మా, అంది. అట్ట ఆనించి ఇస్తే సంతకం పెట్టింది, ఒక్కో అక్షరమూ విడివిడిగా, గట్టిగా, కాగితానికి చిల్లు పడేంతగా. డాక్టరమ్మకి ఆశ్చర్యమూ సంతోషమూ కలిగాయి, మంచి పని చేశారంది. పై అంతస్తులో పడక సిద్ధం చేయిస్తాను, మొదటి మందు ఇవాళే ఎక్కిద్దాం, అక్కగారు తీసుకొస్తారు కదా, అంది.

ఆవిడ అప్పటికే లేచి కుర్చీ వెనక పిడులు పట్టుకుంది.

"ఈవిడ వద్దండి," అంది చెల్లెలు, వెనక్కి తిరక్కుండా. "తోయడానికి ఇంకెవరినైనా పిలవండి."

డాక్టరమ్మ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, మందుల బల్ల దగ్గరున్న నర్సుని పిలిచింది. ఆవిడ చేతులు తీసేసింది. కుర్చీ నడవలోంచి వెళ్ళింది, ఎడమ చక్రం ప్రతి చుట్టుకీ ఒకసారి కిర్రుమంటోంది, ఇరుసు దగ్గర చుక్క నూనె వేస్తే పోతుంది. మలుపు దగ్గర నర్సు కుర్చీ తిప్పింది. ఆవిడ చూస్తూ నిలబడింది. రుమాలు ఇవ్వలేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ముడి విప్పి లెక్కపెట్టింది. దుద్దులు రెండు. మరలు రెండు. పిన్నులు మూడు.